శ్రీలంకలో ధరలు పాత స్థాయికి దిగలేదు

కర్నూలు, నంద్యాల వైపు కిరాణా వర్తకుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టు తెగ తిరుగుతోంది. "శ్రీలంకలో ద్రవ్యోల్బణం 70 శాతం నుంచి సున్నా కిందికి దిగింది. సరుకులన్నీ మళ్లీ పాత ధరలకే దొరుకుతున్నాయి, జనం హాయిగా ఉన్నారు. మన దగ్గర ధరలు ఎందుకు తగ్గించరు?" అన్నది దాని సారం. మొదటి వాక్యం నిజమే. దాని మీద కట్టిందంతా తప్పు. అంగడి కాడ బేరాల్లో కూడా ఇదే మాట వస్తోంది కాబట్టి ఒక్కొక్కటే విడదీసి చూడాలి.

"70 నుంచి సున్నా కిందికి."

జనం కొనే సరుకులు, సేవల ధరలను కలిపి కొలిచే కొలంబో వినియోగదారుల ధరల సూచీ ప్రకారం వార్షిక ద్రవ్యోల్బణం 2022 సెప్టెంబరులో 69.8 శాతం, 2023 సెప్టెంబరులో 1.3, 2024 సెప్టెంబరులో మైనస్ 0.5. అంకెలు సరైనవే. అయితే ఇవి ధరలు కావు. ఏడాది కిందటి ధర మీద ఎంత పెరిగిందో, ఎంత తగ్గిందో చెప్పే శాతాలు. 69.8లోంచి 1.3 తీసేసి "ధరలు 68 శాతం పడ్డాయి" అని కొందరు చెబుతున్నారు. ఆ తీసివేతకు అర్థమే లేదు.

"పాత ధరలకే దొరుకుతున్నాయి."

అసలు పొరపాటు ఇక్కడుంది. 25 కిలోల బియ్యం ప్యాకెట్ 2021 సెప్టెంబరులో 1,000 రూపాయలనుకుందాం. సూచీతో పాటే దాని ధరా నడిచిందనుకుందాం. 2022 సెప్టెంబరుకు 1,698 అవుతుంది. ఆ 1,698 మీద 1.3 శాతం వేస్తే 2023కు 1,720. దాంట్లో అర శాతం తగ్గిస్తే 2024కు 1,711. ఎక్కింది 720 రూపాయలు, దిగింది 9. మధ్యలో, 2023 జనవరి నుంచి, సూచీ ఆధార సంవత్సరం (ధరలను 100గా పెట్టుకుని లెక్క మొదలుపెట్టే ఏడాది) 2013 నుంచి 2021కి మారింది. అందువల్ల ఈ లెక్కను సుమారుగానే తీసుకోవాలి. అయినా 1,711 తిరిగి 1,000 కాదు.

తిండి సరుకులు విడిగా చూసినా అంతే. 2022 సెప్టెంబరులో ఆహార ద్రవ్యోల్బణం 94.9 శాతం, మరుసటి సెప్టెంబరుకు మైనస్ 5.2. వంద రూపాయల సరుకు 195కు చేరి, 185 దగ్గర ఆగింది.

మరి మొత్తం ద్రవ్యోల్బణం 2025 ఫిబ్రవరిలో మైనస్ 4.2 దాకా ఎలా పడింది? అందులో కరెంటు చార్జీలది పెద్ద చేయి. 2022 ఆగస్టులో సగటున 75 శాతం, 2023 ఫిబ్రవరిలో మరో 66 శాతం పెంచారు. 100 రూపాయల బిల్లు 290 అయింది. తర్వాత 2023 జూలైలో 14.2 శాతం తగ్గించి, అక్టోబరులో 18 పెంచి, 2024 మార్చిలో 21.9, జూలైలో 22.5, 2025 జనవరిలో 20 శాతం తగ్గించారు. వరసగా గుణించి చూడండి, 142 వస్తుంది. ఇన్ని కోతలు పడ్డాక కూడా పాత వంద మీద 42 ఎక్కువే. 2025 జూన్‌లో మళ్లీ 15 శాతం పెంచారు. ఆగస్టుకల్లా ద్రవ్యోల్బణం మైనస్ నుంచి ప్లస్ 1.2కు వచ్చింది.

"జనం హాయిగా ఉన్నారు."

అక్కడి ఆర్థిక వ్యవస్థ 2022లో 7 శాతానికి పైగా, 2023లో మరో 2.3 శాతం కుంచించుకుపోయింది. 2024 జనవరిలో వ్యాట్ 15 నుంచి 18 శాతమైంది. కనీస వేతనం 2021లో 12,500 శ్రీలంక రూపాయలు, 2024లో 17,500. పెరిగింది 40 శాతం. అదే కాలంలో ధరలు 70 శాతం పెరిగితే కూలి మనిషి చేతిలో మిగిలేదేముంది? ఆ కష్టాన్ని "హాయి" అనడం అన్యాయం.

ఇక ఈ పోస్టును కొట్టిపారేయాలని కొందరు "అక్కడ కిలో బియ్యం 230" అని ఎదురు రాస్తున్నారు. అదీ సరికాదు. 2024 డిసెంబరులో "నాడు" అనే రకం బియ్యానికి అక్కడి ప్రభుత్వం పెట్టిన గరిష్ఠ ధర అది, కానీ శ్రీలంక రూపాయల్లో. మన రూపాయల్లో 67 దాకా అవుతుంది.

"మన దగ్గర ఎందుకు తగ్గించరు?"

ఒక్కో సరుకు ధర మన దగ్గరా పడుతుంది. 2025లో కర్నూలు మార్కెట్ యార్డులో ఎర్రగడ్డల ధర కూలిపోతే, క్వింటా 1,200 చొప్పున ప్రభుత్వమే కొనాల్సి వచ్చింది. ఆ పతనం రైతుకు నష్టం. పైగా రెండు దేశాల సూచీలను పక్కపక్కన పెట్టే ముందు లెక్కలో చేర్చిన సరుకుల బుట్టలో ఏముందో చూడాలి. 2012 ఆధార సంవత్సరంగా ఉన్న మన పాత సూచీలో ఆహార, పానీయాల వాటా 45.86 శాతం ఉండేది. కొలంబో సూచీలో ఆహారం వాటా 26 శాతం చిల్లర. అందుకే కూరగాయల ధర ఒకేలా పడినా మన అంకె ఎక్కువ కదిలేది, వాళ్లది తక్కువ.

ఎవరైనా ఇలాంటి పోస్టు పంపితే శాతం పక్కన పెట్టి సూచీ సంఖ్య అడగండి. తాజా సంఖ్యను పాత సంఖ్యతో భాగించండి. రెండిటికీ ఆధార సంవత్సరం ఒకటే ఉండాలి. ఫలితం 1 కంటే ఎక్కువ వస్తే ధరలు ఇంకా పైనే ఉన్నట్టు.