ఓబ్రియోన్ మెడాక్‌ది కాదండీ

ఫ్రాన్స్‌లోని బోర్డో వైన్ల మీద మీ వ్యాసం చాలా బాగుంది, ఒక్క సవరణ చెప్పాలి. బోర్డో వైన్లని శ్రేణులుగా విడదీసిన 1855 వర్గీకరణలో మొదటి శ్రేణి దక్కిన నాలుగు రెడ్ వైన్లూ బోర్డోకి ఉత్తరాన ఉన్న మెడాక్ ప్రాంతానివే అని రాశారు. లఫీత్, లాతూర్, మార్గో వరకు నిజమే. నాలుగోదైన షాటో ఓబ్రియోన్ మాత్రం బోర్డోని ఆనుకుని ఉన్న పెసాక్‌ది, అంటే గ్రావ్ ప్రాంతం. బయటి ప్రాంతం వైన్ అయినా పక్కన పెట్టలేకపోయారంటే దాని పేరు అప్పటికే అంత గట్టిది మరి! 1663లోనే లండన్‌లో ఆంగ్ల డైరీ రచయిత శామ్యూల్ పీప్స్ దీన్ని తాగి, ఇలాంటి రుచి ఎప్పుడూ చూడలేదని డైరీలో రాసుకున్నాడు.

బోర్డోలో చదువుకునే రోజుల్లో ఆ తోట పక్కనుంచి చాలాసార్లు నడిచాను. చుట్టూ ఊరు, ఇళ్ళు, బస్సులు. మధ్యలో ద్రాక్ష తీగలు. గ్రావ్ అంటేనే గులకరాళ్ళ నేల. సెప్టెంబరులో ఒక సాయంత్రం దారి పక్కనున్న గులకరాయి చేతిలోకి తీసుకుంటే ఇంకా గోరువెచ్చగా ఉంది. పగటి ఎండని దాచుకుని రాత్రి తీగకి ఇచ్చేది ఆ రాళ్ళే. వాన నీరు నిలవకుండా చూసేదీ అవే.

అసలు ఓబ్రియోన్ కొనే స్తోమత నాకు లేదు. అదే తోట నుంచి వాళ్ళు తక్కువ ధరకి అమ్మే రెండో వైన్ క్లారెన్స్ ఒక గ్లాసు తాగాను. 1935లో ఎస్టేట్ కొన్న క్లారెన్స్ డిల్లన్ పేరు దానికి పెట్టారు. మొదట పొగాకు వాసన, సన్నటి పొగ. అరగంట ఆగాకే పండు రుచి బయటికొచ్చింది. దయచేసి తాగేవాళ్ళెవరూ తొందరపడొద్దు.