మంచు లేని ఊళ్లో మర్యాద గల గులాబీ

గోదావరి డెల్టాకు దేవుడు అన్నీ ఇచ్చి చలికాలం మాత్రం ఎగ్గొట్టాడు. ఈ అన్యాయం చాలాకాలం ఎవరి దృష్టికీ రాలేదు. పిల్లలు విదేశాల్లో స్థిరపడి, వీడియో కాల్‌లో తమ పెరటి గులాబీలు చూపించడం మొదలుపెట్టాక వచ్చింది. ఇప్పుడు అమలాపురం నుంచి భీమవరం దాకా, కొత్తగా మేడ కట్టిన ప్రతివారికీ ఒకటే బెంగ. వీధి గుమ్మం పక్కన పాతకాలపు గులాబీ ఉండాలి, అదీ యూరప్‌లో నాలుగు తరాలు చెప్పుకోగల వంశంలోది.

పాతకాలపు గులాబీ అంటే నూతి దగ్గర అమ్మమ్మ నాటినది అనుకునేరు. దీనికొక లెక్క ఉంది. 1867లో ఫ్రాన్సులో ‘లా ఫ్రాన్స్’ అనే గులాబీ వచ్చింది. తెగలు కలిపి పుట్టించిన ‘హైబ్రిడ్ టీ’ అనే కొత్త తెగలో అదే మొదటిదని పేరు. అంతకుముందే ఉన్న తెగలు పాతవి, ఆ తరవాత పుట్టిన తెగలు కొత్తవి. నూటయాభై ఏళ్లు దాటినా కొత్తవారిగా చలామణీ అయ్యే సౌకర్యం గులాబీలకూ మన యువనాయకులకూ మాత్రమే ఉంది.

ఈ పాతవాటిలో కులీనులు గల్లికా, ఆల్బా, సెంటిఫోలియా తెగలవారు. చలికాలం రాగానే ఆకు రాల్చి, గట్టి చలిలో కొన్ని వారాలు నిద్రపోయి లేస్తే గాని మొగ్గ వేయరు. వేసినా ఏడాదికి ఒక్క విడతే. మన దగ్గర భోగిమంట వేసే తెల్లవారుజామున కూడా పదిహేను డిగ్రీల కిందికి దిగడం అరుదు. ఆ మాత్రానికే మనం మఫ్లరు చుట్టుకుంటాం గాని, గల్లికాకు కునుకైనా పట్టదు. తోటల పుస్తకాల్లో ‘సముద్రతీరపు మృదువైన వాతావరణానికి అనుకూలం’ అని రాసి ఉంటుంది. మనకూ అంతర్వేది దగ్గర సముద్రం ఉంది కదా అని ఆర్డరు పెడతాం. ఆ రాసినాయన తీరంలో మే నెల అంటే చొక్కా మీద కోటు. మన తీరంలో మే నెల అంటే రోహిణికార్తె.

కాబట్టి ఇలాంటి మొక్కనే ఎంచుకోవాలని నా దృఢాభిప్రాయం. పూసే మొక్క గురించి ఎవరు మాట్లాడతారు? పూయని మొక్క దగ్గర వచ్చిన ప్రతి చుట్టమూ ఆగుతాడు, ఎందుకు పూయలేదని అడుగుతాడు, మనం గల్లికా చరిత్ర మొదలుపెట్టవచ్చు. కడియపులంక నర్సరీలో ఈ విషయం తెలిసిన పెద్దాయన ఒకరున్నారు.

‘‘ఇది పూస్తుందాండీ?’’

‘‘చలి ఉంటే పూస్తుందండి.’’

‘‘మరి మన దగ్గర?’’

‘‘ఆకు బాగా వేస్తుందండి.’’

ఆ ఆకు కూడా ఎంతకాలం? శ్రావణం ముసురు పట్టగానే కింది ఆకుల మీద అంచులు చెదిరిన నల్లటి మచ్చలు పడతాయి. మచ్చ చుట్టూ పసుపు తిరుగుతుంది, ముట్టుకుంటే ఆకు చేతిలోకి వస్తుంది. భాద్రపదానికి కర్రలు మిగులుతాయి. దీన్ని నల్లమచ్చ తెగులు అనడం అవగాహన లేనివారి మాట. చలికాలం రాకుండానే మొక్క ఆకు రాల్చిందంటే సగం యూరప్ మన ఇంటికి వచ్చినట్టే.

ఇక పాతవాటిలోనే రెండో వర్గం ఉంది. చైనా, టీ, నాయిసెట్, బూర్బన్ అనే తెగలు. వీటికి చలితో పని లేదు, వేడికి బెదరవు, ఏడాదిలో చాలా నెలలు పూస్తూనే ఉంటాయి. టీ గులాబీకయితే గట్టిగా కత్తెర వేయడం కూడా గిట్టదు. అక్కడక్కడ ఎండుపుల్లలు తీసి వదిలేస్తే చాలు. ఇంత తక్కువ పని చెప్పే మొక్కను ఇంటాయన ఆదివారం పూట ఏం చేసుకుంటాడు? నాయిసెట్ పుట్టుక మరీ అన్యాయం. అమెరికాలో దక్షిణ కెరొలైనా తీరాన, చార్లెస్టన్ దగ్గర, జాన్ చాంప్నీస్ అనే వరి రైతు తోటలో 19వ శతాబ్దం మొదట్లో ఈ తెగ మొదలయింది. ఉక్కపోత, వరిచేలు, పక్కనే సముద్రం. అలాంటి ఊళ్లో పుట్టినదాన్ని ఇలాంటి ఊళ్లో పెంచితే అందులో గొప్పేముంది?

చైనా తెగలో ‘మ్యుటబిలిస్’ అని ఒకటి ఉంది. లేత పసుపుగా విచ్చుకుని, గులాబీరంగుకు తిరిగి, చివరికి ముదురు ఎరుపెక్కి రాలుతుంది. ఎన్నికల ఏడాదిలో ఇలాంటిది ఇంటిముందు పెట్టుకుంటే ఏ పార్టీ కార్యకర్త ఊరుకుంటాడు?

బూర్బన్ సంగతి చెప్పకపోవడమే మేలు, కాని చెప్పాలి. హిందూ మహాసముద్రంలో ఇప్పుడు రీయూనియన్ అంటున్న బూర్బన్ దీవిలో, కంచెలుగా వేసిన చైనా గులాబీ, డమాస్క్ గులాబీ కలిసి పుట్టిన తెగ ఇది. మనదేశంలో ఎడ్వర్డ్ గులాబీ అంటారే, అది ఈ ఇంటి బిడ్డే. ఘుమఘుమలాడుతుంది. మన నర్సరీలవాళ్లు దీన్ని వేరుమొక్కగా పెట్టి పైన ఖరీదైన రకాలు అంటుకట్టేవారు. పై రకం చచ్చిపోయాక కింద నుంచి చిగురు వేసి పూస్తున్నది చాలాచోట్ల ఇదే. ఇంటివాళ్లు ఆ పువ్వును చూపించి, ‘‘మా ఫ్రెంచి గులాబీ’’ అంటుంటారు.

ఏ నేలలో ఏది బతుకుతుందో చూసి నాటడం అనే చాదస్తం ఈ గడ్డ మీద కొత్తది కాదు. విలియం రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1781 నుంచి సామర్లకోటలో ఉండి మిరియాలు మొదలైనవి పెంచి చూశాడు. 1793లో కలకత్తా తోటకు వెళ్లిపోయాడు. ఉండి ఉంటే మన వీధి గుమ్మాలకు కూడా పరీక్షలు పెట్టేవాడు.

ప్రభుత్వానికి నా సూచన ఒకటే. భీమవరం చుట్టుపక్కల ఐసు ఫ్యాక్టరీలకు కొదవలేదు. ఒక వరస రొయ్యలు, ఒక వరస ఐసు చొప్పున ట్రేలు నింపి లారీలకు ఎక్కిస్తున్నారు. చచ్చిన రొయ్యకు దక్కే చలికాలం బతికున్న గల్లికాకు ఎందుకు దక్కకూడదు? తెల్ల రేషన్ కార్డుకు కుండీకి ఒక దిమ్మ చొప్పున, ధనుర్మాసం నెల పొడుగునా ఇవ్వాలి. అయితే రొయ్యల ట్రేలోంచి తీసిన ఐసు అంటగట్టకూడదు. ఉప్పు తగిలితే గులాబీ ఆకు అంచులు మాడిపోతాయి. చెరువుల పక్కనున్న ఇళ్లలో ఆ పని బోరునీళ్లు ఇప్పటికే చేస్తున్నాయి.

ఐసు మంజూరయ్యేదాకా ఇళ్లలోని ఆడవారికి ఒక విన్నపం. శ్రావణ శుక్రవారం పేరంటాలకు పెరట్లోని ఎడ్వర్డ్ పూలు తలనిండా పెట్టుకుని వెళ్లేటప్పుడు, దయచేసి దొడ్డిదారిన వెళ్లండి. వీధి గుమ్మం పక్కన గల్లికాగారు ఉన్నారు.