మహారాజశ్రీ మాడిఫైడ్ ఎలక్ట్రోడ్ గారి సముఖమునకు

అయ్యా,

ఉభయకుశలోపరి. నీళ్లలో నైట్రైట్ ఎంతుందో కరెంటుతో కొలిచే కడ్డీ తమరు. మొన్నటిదాకా ఉత్త గ్లాసీ కార్బన్, అంటే గాజులాంటి గట్టి కార్బన్. 3 మిల్లీమీటర్ల నల్లటి గుండ్రని ముఖం. అల్యూమినా పొడిని తడిపి గుడ్డ మీద రుద్దితే అద్దంలా మెరిసేవారు, అంతే. ఇప్పుడేమో గ్రాఫీన్ అనే పలచటి కార్బన్ పొర పూత, దాని మీద బంగారు నానో కణాలు, అవి ఊడిపోకుండా పైన ఒక చుక్క నాఫియాన్ అనే పాలిమర్!

ఈ మేకప్ ఊరికే కాదని ఒప్పుకుంటాను. నైట్రైట్ మొండిది. రెండు ఎలక్ట్రాన్లు వదిలి నైట్రేట్‌గా మారాలంటే, ఉత్త కార్బన్ మీద ఒక వోల్టు దగ్గరదాకా తోయాల్సి వస్తుంది. అంత వోల్టేజి పెడితే ఆస్కార్బిక్ ఆమ్లం, యూరిక్ ఆమ్లం, సల్ఫైట్ లాంటి పిలవని పేరంటగాళ్లు కూడా వచ్చి తలా కాస్త కరెంటు చదివించి పోతారు. మంచి పూత పడితే తక్కువ వోల్టేజికే పని అవుతుంది, కరెంటు గీతలో శిఖరం (పీక్) నిటారుగా లేస్తుంది. ఇది తమరి ఘనతే.

ఆ డిటెక్షన్ లిమిట్ (పట్టగలిగే అతి తక్కువ మోతాదు) గొప్పలే వినలేకపోతున్నాం. తాగునీటిలో నైట్రైట్ లీటరుకు 3 మిల్లీగ్రాములు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. అంటే సుమారు 65 మైక్రోమోలార్. మైక్రోమోలార్‌లో వెయ్యో వంతు నానోమోలార్; తమరు ఆ లెక్కలోనే పట్టేస్తానంటారు! నైట్రైట్ లేనప్పుడు కూడా కరెంటులో ఉండే ఊగిసలాటను (బ్లాంక్ నాయిస్) 3తో హెచ్చించి, మోతాదుతో కరెంటు ఎంత పెరుగుతుందో చూపే క్యాలిబ్రేషన్ గీత వాలుతో భాగిస్తే వచ్చిన అంకె అది. అంత పలచటి ద్రావణం ఒక్కటైనా కలిపి చూశారా? పేపర్ చివర టేబుల్‌లో పాత సెన్సర్లన్నిటినీ వరుసగా నిలబెట్టి, అట్టడుగున తమరు. అందరిలోకీ చిన్న అంకె తమరిదే. ఇంకో పేపర్ తీస్తే అందులోనూ అంతే. క్లాసులో అందరికీ ఫస్ట్ ర్యాంకే!

ఇక 'రియల్ శాంపిల్' ముచ్చట. కుళాయి నీళ్లు పడతారు. కొలిస్తే నైట్రైట్ జాడే ఉండదు. అప్పుడు పిపెట్‌తో సోడియం నైట్రైట్ మీరే వేసి, ఆమ్లత మారకుండా ఉంచే బఫర్ ద్రావణంలో మీరే కలిపి, వేసిందంతా దొరికిందని పొంగిపోతారు. రికవరీ 99 శాతమట. మరి దొరక్క ఎక్కడికి పోతుంది?

యోహాన్ పీటర్ గ్రీస్ 1879లో చెప్పిన రంగు పరీక్షనే మేం ఇంకా పట్టుకుని వేలాడుతున్నాం. నైట్రైట్ ఉంటే గులాబీ రంగు వస్తుంది. కానీ నీళ్లే రంగుగానో, బురదగానో ఉంటే తికమకే. రంగుతో తమరికి పని లేదు కదా, సరిగ్గా అక్కడే కదా తమరి అవసరం! ఇంట గెలిచారు సరే, రచ్చకు ఎప్పుడొస్తారు? మురుగునీటిలో ముంచితే ముఖాన జిగురు పేరుకుంటుంది, కరెంటు పడిపోతుంది. జిగురు పోవాలంటే రుద్దాలి. రుద్దితే పూతా పోతుంది. మళ్లీ తమరు ఉత్త కార్బనే.

ఈసారి పేపర్ రాయించుకునే ముందు, లోపల ఎంతుందో ఎవరూ చెప్పని బురద నీళ్ల సీసాలో దిగండి. పూత ఒకే చేతితో కాదు, నలుగురితో వేయించుకోండి. పక్కన గ్రీస్ అంకె కూడా పెట్టండి, తేడా వస్తే దాచకండి. ఆ తర్వాత తమరి లిమిట్ మైక్రోమోలార్‌లో ఉన్నా మాకేం అభ్యంతరం లేదు.

ఇట్లు,
తమరి కోసం చూసి చూసి కళ్లు కాయలు కాసిన
నీటి పరీక్షల ఉద్యోగి