ఎలుక చావే కొలమానమా?

తెలంగాణ సరిహద్దున, మహారాష్ట్రలోని సిరొంచ వైపు మిర్చి తోటల్లో ఇవి మందు కొట్టే రోజులు. ట్యాంకు వీపున వేసుకునేది మగవాడైనా, వాగు నుంచి నీళ్లు మోసేది, బకెట్‌లో పొడి మందు పోసి కట్టెతో కలిపేది ఆడవాళ్లు. కట్టె కనిపించకపోతే చెయ్యే కట్టె. ఆ మందు ప్యాకెట్ మీద ఆకుపచ్చ త్రికోణం ఉంటుంది. లోపలి కాగితం మరాఠీలోనో హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. ఇంట్లో తెలుగు తప్ప మరో మాట లేని నడివయసు మనిషి అందులో చదవగలిగింది ఆ రంగు ఒక్కటే. ‘పచ్చది, ఏమీ కాదు’ అని దుకాణంలో చెబితే నమ్ముతుంది. నమ్మక ఏం చేస్తుంది?

ఆ రంగు ఎక్కడిదో చూద్దాం. 1971 నాటి కీటకనాశినుల నిబంధనల్లో ఎరుపు, పసుపు, నీలం, పచ్చ అని నాలుగు రంగులున్నాయి. నాలుగూ ఒకే ప్రశ్నకు జవాబులు: ప్రయోగశాలలో సగం జంతువులు చావడానికి ఎంత మందు పట్టింది? నోటిద్వారా ఇచ్చినప్పుడు కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల లోపే చస్తే ఎరుపు. 5000 దాటాలంటే పచ్చ. అంతే. కడుపులో పిండం ఏమైంది, మగ ఎలుక వృషణాలు ఏమయ్యాయి, పుట్టిన పిల్లలకు మళ్లీ పిల్లలు పుట్టారా అన్నవాటికి ఆ త్రికోణంలో చోటు లేదు.

పోనీ, అవి తేల్చే పరీక్షలు లేవా? చక్కగా ఉన్నాయి. చూలు ఎలుకలకు, చూలు కుందేళ్లకు గర్భం నిలిచిన నాటి నుంచి ఈనడానికి ముందు రోజు దాకా మందు ఇస్తారు. ఆపైన గర్భసంచి తెరిచి బతికిన పిండాలెన్నో, కరిగిపోయినవెన్నో లెక్కపెడతారు. ఎముకలకు రంగు పట్టించి వేళ్లు, పక్కటెముకలు పరిశీలిస్తారు. మరో పరీక్షలో మనవల తరం వరకూ కనిపెట్టి చూస్తారు. ఎలుక ఒక్కటే ఎందుకు చాలదో థాలిడోమైడ్ చెప్పింది. 1957లో జర్మనీలో అమ్మకానికొచ్చిన ఆ నిద్రమందు ఎంత మింగించినా ఎలుక చావలేదు, కాబట్టి నిరపాయకరమని అమ్మారు. చేతులు, కాళ్లు కురచబడి పుట్టిన బిడ్డలు సుమారు 10,000 మంది. మన లెక్కలో దానికీ పచ్చ త్రికోణమే వచ్చేది!

మిర్చిలో కాయకుళ్లుకు, ఆకుమచ్చకు వాడే మాంకోజెబ్, కార్బెండజిమ్ ఎలుకను చంపడంలో బహు నెమ్మది. అందుకే ఆ కొలతలో పచ్చ గట్టున పడతాయి. ఆ రెంటినీ పునరుత్పత్తికి హాని చేసేవాటిలో 1బి తరగతిలో, అంటే జంతువుల్లో దొరికిన రుజువులను బట్టి మనుషులకూ హాని చేస్తాయని భావించే తరగతిలో, ఐరోపా సమాఖ్య చేర్చింది. మాంకోజెబ్‌కు 2020 డిసెంబరులో అనుమతి పొడిగించలేదు. మన కేంద్రానికీ ఇది తెలియని సంగతి కాదు. 2020 మేలో 27 మందుల నిషేధానికి వెలువరించిన ముసాయిదాలో ఈ రెండు పేర్లూ ఉన్నాయి. 2023లో తుది ఉత్తర్వు వచ్చేసరికి పూర్తి నిషేధం మూడింటికి, దశలవారీ తొలగింపు మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు 36 శాతం ద్రావణానికి మిగిలాయి. మాంకోజెబ్ సహా ఇంకొన్నింటికి కొన్ని పంటలపై వాడకం తీసేశారు. అయినా మాంకోజెబ్, కార్బెండజిమ్ అంగట్లోనే ఉన్నాయి, పచ్చ రంగులోనే ఉన్నాయి.

ఇవి చవక, ఇవి లేకపోతే తెగులు తోటను మింగేస్తుంది, చెప్పిన మోతాదులో వాడితే ముప్పు లేదు అన్నది కంపెనీల వాదన. రైతుకు చవక మందు కావాలన్న మాట కాదనం. కానీ చెప్పిన మోతాదు ఎవరికి చెప్పారు, ఏ భాషలో చెప్పారు?

నిషేధం మాట తర్వాత. ముందు, తెలిసిన సంగతిని డబ్బా మీద రాయకుండా పచ్చ రంగు పూయడమేమిటి? ఫైలులో ఒక నిజం, ప్యాకెట్ మీద మరొకటి. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయినప్పుడు మాస్కులు, చేతి తొడుగులు అంటూ హడావుడి చేశారు. అది కళ్లెదుట పడిపోయిన మనుషుల లెక్క. మూడో నెలలో నిలవని గర్భం ఏ రిజిస్టరులోకి ఎక్కుతుంది? దాన్ని ఆమె ఖర్మ అంటారు, లేదా ఆమె రక్తహీనత అంటారు. ప్యాకెట్‌ను ఎవరూ అడగరు, అది పచ్చది కదా!

తినేవాడి కోసం మిర్చిలో మందు అవశేషాలకు పరిమితి పెట్టారు. బకెట్ కలిపే మనిషికి ఏ పరిమితీ లేదు. గర్భిణి బొమ్మ వేసి దాని మీద అడ్డగీత గీయడానికి కొత్త చట్టం కోసం ఎదురుచూడాలా? సరిహద్దు తాలూకాల్లో అమ్మే ప్యాకెట్లలో తెలుగు కాగితం పెట్టడానికి ఎన్ని కమిటీలు కూర్చోవాలి? ఈ మందులకు అనుమతిచ్చే కేంద్ర రిజిస్ట్రేషన్ కమిటీ పెద్దలు ఒక్క పూట ఆ తోటలోకి రండి. ఆ పచ్చ ప్యాకెట్ చింపి, కడుపుతో ఉన్న మీ ఇంటి ఆడపడుచు చేతికిచ్చి కలపమనగలరేమో చూడండి.