ఏడవని పిల్లాడికి నొప్పి లేదని ఎవరన్నారు?

‘ఆపరేషన్ అయిన పిల్లలకు నొప్పి మందులు పోయకండి’ అనే మెసేజ్ ఈ వారంలో నాకు రావడం ఇది నాలుగోసారి. పంపినవాళ్లంతా నాకు కావాల్సినవాళ్లే. అందుకే ఊరుకోలేకపోతున్నాను.

నొప్పి మందు పడితే పుండు మానదట. మానుతుంది. నాలుగు రోజులు పారాసిటమాల్ తాగితే అలవాటైపోతుందట. అవ్వదు.

అసలు ముప్పు మూడో పాయింటు: ‘నిజంగా నొప్పి ఉంటే పిల్లలే ఏడుస్తారు, అప్పుడు వేస్తే చాలు.’ మా చిన్నోడికి టాన్సిల్స్ తీయించి ఆ సాయంత్రమే ఇంటికి తెచ్చాం. ఏడవలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. పాపం, బుద్ధిగా ఉన్నాడనుకున్నాం. రాత్రి దుప్పటి సర్దబోతే దిండు తడిసి ముద్దయి ఉంది. మింగితే నొప్పని ఉమ్మంతా నోట్లోనే పట్టుకుని, నిండాక దిండు మీదికి వదిలేస్తున్నాడు. ఏడిస్తే గొంతు ఇంకా మండుతుందని ఐదేళ్లవాడికి తెలుసు. మాకే తెలియలేదు.

మొదటి రెండు మూడు రోజులు ఏడుపు కోసం చూడకుండా గడియారం చూసి వేయమనేది ఇందుకే. పారాసిటమాల్ సాధారణంగా కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి. మీ పిల్లల లెక్క డాక్టరు రాసిందే. నొప్పి ముదిరాక పోస్తే అది పనిచేసేలోపు పిల్లాడు నీళ్లు కూడా ముట్టడు, గొంతు ఎండి నొప్పి రెట్టింపవుతుంది. టాన్సిల్స్ నొప్పి మూడో రోజు దాటాక మళ్లీ పెరగడం కూడా మామూలే. తగ్గిందనుకుని మందు మానేసేది సరిగ్గా అప్పుడే!

ఇక ‘మరీ తప్పకపోతే ఇంట్లో ఉన్న కోడీన్ దగ్గు సిరప్ ఒక చెంచా’ అట. ఇది రాసినవాళ్లకు చేతులెలా వచ్చాయి? కొందరి ఒంట్లో కోడీన్ చాలా వేగంగా మార్ఫిన్ అనే ఘాటైన నొప్పి మందుగా మారి ఊపిరి ఆగిపోవచ్చు. టాన్సిల్స్ తీసిన పిల్లలు ఇలాగే చనిపోయాక, 2013లో అమెరికాలో మందులను నియంత్రించే ఎఫ్‌డీఏ గట్టి హెచ్చరిక ఇచ్చింది. 2017లో 12 ఏళ్లలోపు వాళ్లకు అసలే వద్దంది. పారాసిటమాల్‌కు భయపడి ఇది పోయమంటారా?

‘ఒళ్లో కూర్చోబెట్టుకుని కథ చెప్పండి’ అన్న మాట మాత్రం ఒప్పుకుంటాను. మొదట కొట్టిపారేశాను గానీ, అది నిజం. మనసు మళ్లితే నొప్పి తగ్గుతుంది. కాకపోతే మందుకు బదులు కాదు, మందుతో పాటు. ఆ రాత్రి మందు తాగించి వాణ్ణి ఒళ్లో వేసుకున్నాను. కథ సగంలో ఉండగా నీళ్లడిగాడు. తాగాడు, మింగాడు.