యుద్ధం నాలుగేళ్లు, కూలీల కొరత 22 ఏళ్లు

1941 డిసెంబర్‌లో పెర్ల్ హార్బర్‌పై జపాన్ దాడి తర్వాత అమెరికా మగవాళ్లు సైన్యానికి, ఆయుధ ఫ్యాక్టరీలకు వెళ్లారు. కాలిఫోర్నియాలో జపాన్ మూలాలున్న రైతు కుటుంబాలను ప్రభుత్వమే నిర్బంధ శిబిరాలకు తరలించింది. పంట కోసేవాళ్లు లేక కూలీలను పంపమని మెక్సికోను అడిగారు. 1942 ఆగస్టు 4న ఒప్పందం కుదిరింది, మెక్సికో కూలీలను (బ్రసేరోలను) కాంట్రాక్టు మీద అమెరికా పొలాలకు తెచ్చే బ్రసేరో పథకం మొదలైంది. ఇంతవరకు అందరూ చెప్పేదే, పేచీ లేదు. కానీ 1945లో యుద్ధం ముగిసినా పథకం 1964 డిసెంబర్ 31 దాకా నడిచింది. మొత్తం 45 లక్షలకు పైగా కాంట్రాక్టులు. సైనికులు ఇళ్లకు తిరిగొచ్చి ఇరవై ఏళ్లవుతున్నా తీరని కొరతను కొరత అని ఎలా నమ్మాలి?

తోటల యజమానులకు కావాల్సింది మనుషులు కాదు, వదిలి వెళ్లలేని మనుషులు. అవసరం లేదనుకున్న మాంద్యం రోజుల్లో, అంటే అంతకు పదేళ్ల ముందే, లక్షలాది మెక్సికన్లను, వారిలో అమెరికాలో పుట్టిన పిల్లలను కూడా, రైళ్లెక్కించి సరిహద్దు దాటించింది ఆ అమెరికాయే.

కాంట్రాక్టు కాగితం మీద మాత్రం ముచ్చటగా ఉండేది. గంటకు కనీసం 30 సెంట్లు, వసతి, కాంట్రాక్టు కాలంలో 75 శాతం రోజులకు పని గ్యారంటీ. 1938 నాటి కనీస వేతన చట్టం పొలం పనిని పక్కన పెట్టింది కాబట్టి అమెరికా కూలీలకే ఆ హామీలు లేవు. మరి ఎక్కడ తేడా కొట్టింది? యజమాని నచ్చకపోతే ఇంకో తోటకు పోయే వీలు లేదు. ఫిర్యాదు చేస్తే కాంట్రాక్టు పోతుంది, సరిహద్దు అవతల దింపేస్తారు. ఆ ఒక్క షరతుతో మిగతా హామీలన్నీ చిత్తు కాగితాలే. సరిహద్దు కేంద్రాల్లో బట్టలు విప్పించి ఒంటి మీద డీడీటీ పురుగుమందు కొట్టినా, పొట్టి పార ఇచ్చి రోజంతా నడుం వంచి పని చేయించినా అడిగే దిక్కు లేదు. తొలి ఏళ్లలో కూలిలో 10 శాతం కోసి, పొదుపు పేరుతో మెక్సికో బ్యాంకులకు పంపారు. ఆ డబ్బు చాలామందికి అందనే లేదు. 2005లో మెక్సికో ప్రభుత్వం మనిషికి 38,000 పెసోలు ఇస్తామని నిధి పెట్టేనాటికి బతికున్నవాళ్లు ముసలివాళ్లయిపోయారు.

వాళ్లు ఇష్టపడే వెళ్లారు, ఆ డబ్బుతో ఊళ్లో ఇళ్లు కట్టారు, మళ్లీ మళ్లీ క్యూలో నిలబడ్డారు అంటారు. నిజమే. పథకం ఆగాక స్థానిక కూలీల వేతనాలేమీ పెరగలేదని 2018లో అచ్చయిన ఓ ఆర్థిక అధ్యయనం తేల్చింది, అదీ నిజమే.

కానీ అదే అధ్యయనం ఇంకోటి కూడా చెప్పింది: యజమానులు యంత్రాల వైపు మళ్లారు. బ్రసేరోలు లేకపోతే టమాటా సాగే మూతపడుతుందని గగ్గోలు పెట్టిన కాలిఫోర్నియా రైతులు నాలుగైదేళ్లలో కోత యంత్రాలకు మారిపోయారు. ఆ యంత్రం అప్పటికే సిద్ధంగా ఉంది, కొనే అవసరమే రాలేదు! ఇక పథకం ముగిసి తొమ్మిది నెలలు తిరక్కముందే కాలిఫోర్నియాలోని డెలానో ద్రాక్ష తోటల్లో ఫిలిప్పీన్ కూలీలు సమ్మెకు దిగారు, కూలీల నాయకుడు సీజర్ చావెజ్ వెంట ఉన్న మెక్సికన్లు వాళ్లతో కలిశారు. అంతకు ముందు సమ్మె అంటే యజమానులు లెక్కచేసేవాళ్లు కాదు, సరిహద్దు నుంచి ఇంకో బస్సు బ్రసేరోలు దిగేవాళ్లు. 1970 నాటికి ద్రాక్ష యజమానులు యూనియన్‌తో ఒప్పందాలపై సంతకాలు పెట్టారు.

ఈ పాత కథ ఇప్పుడెందుకంటే, మనది కూడా ఇదే కాబట్టి. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లకు కఫీల్, అంటే వీసా ఇప్పించి తన కింద పెట్టుకునే యజమాని, ఎలాంటివాడో విడమరచి చెప్పక్కర్లేదు. పాస్‌పోర్టు ఆయన దగ్గర, వీసా ఆయన పేరు మీద. జీతం రాక బయటికొస్తే ఖల్లివెల్లి (యజమానిని వదిలి పారిపోయినవాడు) అన్న ముద్ర, ఆ తర్వాత జైలో, ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) కోసం ఎదురుచూపో. చచ్చీచెడీ ఇంటికొచ్చినవాళ్ల విషయంలో ఏజెంటు మోసం చేశాడంటూ కేసు కడతాం, యజమానిని మార్చనివ్వని ఆ అసలు షరతు జోలికి మాత్రం పోం. డల్లాస్‌లో హెచ్‌1బీ మీద ఉన్న మన ఇంజనీరుకు కంపెనీ మారే హక్కుంది, అయినా ఉద్యోగం ఊడితే 60 రోజుల టెన్షన్. ఆ హక్కు కూడా లేని గల్ఫ్ పశువుల కాపరి సంగతి ఏం చెప్పాలి?

ఖతార్ 2020లో యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలిచ్చింది. సౌదీ 2021లో సడలించింది గానీ ఇంటి పనివాళ్లను, ఇళ్ల డ్రైవర్లను, పొలం పనివాళ్లను అందులోంచి తీసేసింది. మన పల్లెలవాళ్లలో చాలామంది వెళ్లేది ఆ పనులకే. ఢిల్లీ సౌదీతో మళ్లీ కార్మిక ఒప్పందం మీద కూర్చుంటే కనీస వేతనం అంకె కన్నా ముందు ఈ మినహాయింపును ఎత్తేయమని అడగాలి.