హైక్ వద్దు మొర్రో: ఒక బ్రాకెట్ బాధితుడి కథ

అమెరికాలో ఉన్న మనవాళ్లలో ఒక జబ్బు ప్రబలుతోంది. డాక్టర్లు ఇంకా గుర్తించలేదు కాబట్టి పేరు నేనే పెడుతున్నా: బ్రాకెట్ భయం, అంటే జీతం పెరిగితే పై టాక్స్ శ్లాబులో పడి ఉన్నదీ పోతుందన్న భయం. శనివారం పాట్‌లక్‌లో బిర్యానీ ట్రే దగ్గర ఒకరి నోటి నుంచి ఇంకొకరి చెవికి అంటుకుంటుంది. రోగి చూడ్డానికి మామూలుగానే ఉంటాడు, ఎంసెట్‌లో ఇంటిగ్రేషన్ లెక్కలు నోటితో చేసిన మనిషే, కానీ జీతం పెరుగుతోందనగానే చెమటలు పడతాయి.

మా చిన్నమ్మ కొడుకు సంగతే చూడండి. 2024లో వాడు ఫ్రీమాంట్‌లో ఉండేవాడు. భార్యతో కలిపి రిటర్న్ వేస్తే, మినహాయింపులు పోను కాలిఫోర్నియా రాష్ట్రం లెక్కలో టాక్స్ పడే ఆదాయం 1,41,000 డాలర్లు. అప్పుడే ఆఫీసులో 5 వేల డాలర్ల హైక్ అన్నారు. ఆ రాత్రి ఫోన్ చేసి "అన్నా, 1,41,212 దాటితే 8 శాతం పోయి 9.3 శాతం పడుద్ది, హైక్ తీసుకుంటే మునిగిపోతా" అన్నాడు. వద్దని హెచ్‌ఆర్‌కి మెయిల్ కూడా రాసి పెట్టాడు, ఇంకా పంపలేదంతే. "ప్రస్తుత పరిస్థితుల దృష్ట్యా" అని మొదలైంది ఆ మెయిల్, పెళ్లి సంబంధం వద్దనుకున్నప్పుడు రాసే ఉత్తరంలా.

వాడి లెక్క ప్రకారం గీత దాటగానే మొత్తం 1,46,000 మీదా 9.3 శాతం పడాలి, అంటే 13,578 డాలర్లు. పాపం, రాష్ట్రం అంత దుర్మార్గురాలు కాదు. ఆ ఏడాది దంపతులకి మొదటి 21,512 డాలర్ల మీద 1 శాతమే, పైన ఎంత సంపాదించినా ఆ ముక్క మీద 1 శాతమే. తర్వాతి ముక్క మీద 2, ఆపైన 4, 6, 8. తొమ్మిదింబావు పైచిలుకు శాతం పడేది గీత దాటిన 4,788 డాలర్ల మీద మాత్రమే. అన్నీ కలిపితే మావాడు కట్టాల్సింది దాదాపు 6,663 డాలర్లు, ఆదాయంలో నాలుగున్నర శాతం చిల్లర. గీత దాటినందుకు అదనంగా పడిన జరిమానా, నేను కాలిక్యులేటర్ మీద మూడుసార్లు కొట్టి చూశాను, 62 డాలర్లు. ఇద్దరు వెళ్లి దోశలు తిని, టిప్ ఇచ్చి, పార్కింగ్ కట్టి వస్తే అయ్యే ఖర్చు. దానికోసం 5 వేలు వద్దంటున్నాడు మహానుభావుడు.

అయినా వాణ్ణి తప్పు పట్టలేం, పెరిగిన ఇల్లు అలాంటిది. హనుమకొండలో చిన్నమ్మ ఇంట్లో కరెంటు మీటరుకి రోజూ దర్శనం జరుగుతుంది. గృహజ్యోతి కింద నెలకి 200 యూనిట్లు దాటకపోతే బిల్లు సున్నా. 201 అయిందా, ఆ ఒక్క యూనిట్‌కి కాదు, మొత్తానికీ కట్టాలి. అందుకే మీటరు 190కి రాగానే ఇంట్లో ఎమర్జెన్సీ: గీజరు బంద్, సీరియల్ చూసేది పక్కింట్లో, ఫ్రిజ్‌లో ఉన్న పెరుగు కుండలోకి. గీత దాటితే కొంప మునుగుతుందని తల్లిపాలతో పాటు నేర్చుకున్న పిల్లాడికి, కాలిఫోర్నియాలో గీత దాటినా మునగవు నాయనా, ఆ పైన ఉన్న నీళ్లే తడుపుతాయి అంటే ఎలా నమ్ముతాడు?

నమ్మలేదు. హైక్ తీసుకున్నాడు గానీ (మెయిల్ నేనే డిలీట్ చేయించాను) రాష్ట్రం మీద మనసు విరిగింది. ఇక మొదలైంది సున్నా పన్ను కోసం వేట.

మొదట సియాటిల్ అన్నాడు. వాషింగ్టన్ రాష్ట్రంలో అప్పటికి జీతం మీద పన్ను లేదు, నిజమే. అయితే పెద్ద ఎత్తున షేర్లు అమ్మి లాభం చేసుకున్నవాళ్ల మీద 2022లో 7 శాతం పన్ను మొదలైంది. ఆదాయం మీద పన్ను కదా అని కోర్టుకెళ్తే, 2023లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఇది ఇన్‌కమ్ టాక్స్ కాదు, ఎక్సైజ్ టాక్స్ అని తేల్చింది. మనకి ఎక్సైజ్ అంటే వైన్‌షాపులే తెలుసు. మావాడికి అంత లాభాలు ఎప్పటికీ రావు, అయినా భయపడ్డాడు, అది వేరే విషయం.

న్యూజెర్సీలో ఉన్న ఫ్రెండు అయితే ఇటువైపు రావొద్దనేశాడు. ఎడిసన్‌లో లుంగీ కట్టుకుని సొంత సోఫాలో కూర్చుని పనిచేస్తాడు, ఆఫీసు మన్‌హటన్‌లో ఉంది కాబట్టి న్యూయార్క్ రాష్ట్రం ఆ సోఫాని కూడా తన భూభాగంగానే లెక్కేసి పన్ను పట్టుకుంటుంది. ఇల్లు ఒక చోట, పన్ను ఇంకో చోట.

చివరికి అందరూ చేసేదే చేశాడు. టెక్సాస్‌లోని ఫ్రిస్కో. ఆ రాష్ట్రంలో వ్యక్తుల ఆదాయం మీద పన్ను లేదు, లేకపోవడమే కాదు, 2019లో ఓటేసి మరీ రాజ్యాంగంలో నిషేధం రాసుకున్నారు. దిగిన రోజున మావాడు ఎయిర్‌పోర్టు నుంచే సెల్ఫీ పెట్టాడు, కింద "ఫ్రీడమ్" అని. వెంటనే 6 లక్షల డాలర్ల ఇల్లు, గృహప్రవేశం, పొంగిన పాలు. కాలిఫోర్నియా కూడా వదల్లేదు, అక్కడ పనిచేసిన రోజులకి లెక్కగట్టి, తర్వాత చేతికొచ్చిన కంపెనీ షేర్ల మీద తన వాటా పన్ను అడిగింది. విడాకులిచ్చినా భరణం తప్పలేదు.

అక్టోబరులో ఒక కవరు వచ్చింది. ప్రాపర్టీ టాక్స్. స్కూళ్లకి ఇంత, సిటీకి ఇంత, కౌంటీకి ఇంత, మినహాయింపులన్నీ పోను 8,200 డాలర్లు. అక్కడ ఏ 6,663కి భయపడి పారిపోయాడో మీకు గుర్తుందనుకుంటా. ఆదాయం పన్నుకి ఒక మంచి గుణం ఉంది, ఉద్యోగం పోతే అదీ పోతుంది. ఇంటి పన్ను అలా కాదు, నువ్వు పని లేక బెంచ్ మీదున్నా ఇల్లు మాత్రం సంపాదిస్తున్నట్టే లెక్క. (న్యాయంగా చెప్పాలంటే ఫ్రీమాంట్‌లో వాడికి ఇల్లే వచ్చేది కాదు, ఈ మాట వాడి ముందు అనను.)

మొన్న ఏప్రిల్‌లో ఇంకో నోటీసు. ఇంటి విలువ పెరిగిందట, 6 లక్షల 40 వేలట. మనింటి ధర పెరిగిందని గుండె బాదుకునే మనుషుల్ని టెక్సాస్‌లోనే చూశాను. అక్కడ మే నెల మధ్యలోపు ఆ విలువ మీద ప్రొటెస్ట్ వేసుకోవచ్చు, మావాడు ఇప్పుడు రాత్రింబవళ్లు అదే పనిలో ఉన్నాడు: వెనక కంచె విరిగిన ఫోటో, గోడలో సన్నటి పగులు ఫోటో, పక్కింటివాళ్లు తక్కువకి అమ్ముకున్న కాగితాలు. గృహప్రవేశానికి పొగిడిన ఇంటినే ఇప్పుడు కొంప అని నిరూపించాలి.

మొన్నాదివారం వీడియో కాల్‌లో చిన్నమ్మ కూడా ఉంది. "ఏం చేస్తున్నవ్ బిడ్డా, మొహం అట్లున్నది" అంటే, "ప్రొటెస్ట్ చేస్తున్నమ్మా" అన్నాడు.

చిన్నమ్మ ఒక్క క్షణం ఆగింది. వెనక ఫ్యాన్ ఆపి ఉంది, నెలాఖరు కదా.

"వీసా మీద ఉన్నోనివి, నీకెందుకు బిడ్డా ధర్నాలు?"